సగం పేజీల పాటగాడు

సగం బాబాయి ఏ కథనీ చివరిదాకా చెప్పడు. వినేవాడి ప్రాణం గొంతులోకి వచ్చిన చోట టక్కున ఆపి, "తర్వాతేం జరిగుంటుందంటారు?" అని జేబులోంచి పెన్సిలు తీస్తాడు. ఆయన పుస్తకాల బైండరు, లైబ్రరీ వెనక గదిలో పని. అసలు పేరొకటి ఉండేది కానీ, ఏడాదిగా ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు.

పోనీ రకరకాల కథలు చెబుతాడా అంటే అదీ లేదు. ఒకటే పుస్తకం. పల్లెపాటలకి కరెంటు గిటారు తగిలించి, ఆ తర్వాతి పాటగాళ్లందరికీ దారి చూపించిన ఓ గాయకుడి జీవితచరిత్ర. గడ్డం గీయించుకుంటూ అదే, ఉత్తరం అందుకుంటూ అదే.

"మొదటి కచేరీ. జనం కిక్కిరిసి ఉన్నారు. మొదటి పాటకే గిటారు తీగ ఫట్‌మని తెగింది. అప్పుడతను..." అని ఓ రోజు సెలూన్లో ఆపేశాడు.

సెలూన్ ఆయన కత్తి గాల్లోనే ఆగింది. "అప్పుడేం చేశాడు?"

"మీరే చెప్పండి."

"నేనా! నేనైతే కత్తెర మొండికేసిన రోజు దువ్వెనతోనే కాలక్షేపం చేస్తాను. అతనూ గిటారు పక్కన పడేసి, జనం చేత చప్పట్లు కొట్టించి పాడుంటాడు."

బాబాయి సబ్బు నురగతోనే రాసుకున్నాడు. మిగతా సగం గడ్డం గీయించుకోవడం మర్చిపోయి వెళ్లిపోయాడు.

పోస్టుమాన్ మాత్రం అంత తేలిగ్గా చిక్కలేదు. "ఇరవై ఏళ్లుగా పలకరింపు లేని అన్న దగ్గర్నుంచి గాయకుడికి ఉత్తరం వచ్చింది. అందులో..."

"అందులో ఏముందో నాకేం తెలుసు? ఒకళ్ల ఉత్తరాలు విప్పే అలవాటు నాకు లేదు!" అని సైకిలెక్కేశాడు.

బాబాయి అదీ రాసుకున్నాడు.

ఇంట్లో పిన్ని గరిటె చూపించి చెప్పేసింది. "కథ సగంలో ఆపారో, వడ్డన కూడా సగంలోనే ఆపుతాను." ఆ ఏడాదిలో బాబాయి బాగా చిక్కిపోయాడు.

ఈయనతో తల ప్రాణం తోకకొచ్చింది మాత్రం లైబ్రరీ అమ్మాయికే. ఆమె ఉద్యోగంలో చేరిన వారానికే, పెద్ద వాన కురిసిన మర్నాడు, బైండింగుకని ఆ పుస్తకం పట్టుకెళ్లాడు. అంతే, మళ్లీ దానికి అర మొహం చూపించలేదు. ఏడాది నిండగానే పై అధికారి వచ్చి పుస్తకాలన్నీ సరిచూస్తాడు. ఒక్కటి తగ్గినా ఆమె ఉద్యోగం ఖాయం కాదు.

"బాబాయ్, పుస్తకం?"

"బైండింగులో ఉందమ్మాయ్. అది సరే, గాయకుడు పదేళ్ల తర్వాత మళ్లీ వేదిక ఎక్కబోతూ భయంతో తెర వెనకే నిలబడిపోయాడు. వాళ్ల అక్క దగ్గరికొచ్చి ఒక మాటంది. ఆ మాట..."

"నాకు బోలెడు పనుంది బాబాయ్!"

ఈ ముక్క మీద ఆమెని కనీసం నలభైసార్లు అడిగుంటాడు. నలభైసార్లూ ఆమెకి పనే ఉంది.

అధికారి రానే వచ్చాడు. అరలన్నీ చూసి, కళ్లజోడు సర్దుకుని, "ఒకటి లేదే!" అన్నాడు. సరిగ్గా అప్పుడే బాబాయి జిగురు చేతుల్తో పరుగెత్తుకొచ్చి పుస్తకం బల్ల మీద పెట్టాడు.

అధికారి తెరిచాడు. ప్రతి పేజీలో పై సగం అచ్చు, కింది సగం చేతిరాత. తడిసి పాడైన కింది సగాలన్నీ కోసేసి, వాటి చోట కొత్త కాగితం అతుకు కనపడకుండా అతికించి ఉంది. తీగ తెగిన చోట జనం చప్పట్లు కొడుతున్నారు. కింద చిన్న అక్షరాల్లో 'సెలూన్ ఆయన చెప్పినట్టు' అని ఉంది. ఇంకో చోట 'అతను ఉత్తరం విప్పలేదు. ఒకళ్ల ఉత్తరాలు విప్పే అలవాటు అతనికి లేదు' అని ఉంది.

"అతనికొచ్చిన ఉత్తరమే కదయ్యా!" అన్నాడు అధికారి.

"పోస్టుమాన్ అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదండీ. ఈ పుస్తకం ఇంకెక్కడా దొరకలేదు. చదివినవాళ్లు ఎవరైనా ఉంటారేమోనని అడిగాను. ఎవరూ లేరు. తోచింది చెప్పారు, రాశాను."

"అసలెలా తడిసింది?"

"నా గదిలో నీళ్ల చెంబు ఒలికిందండీ."

"అయితే ఇకమీదట మీకు పుస్తకాలు ఎలా ఇవ్వమంటారు?"

అమ్మాయికి అప్పుడు తట్టింది. బాబాయి తన గదిలోకి నీటిచుక్క రానివ్వడు, జిగురు కూడా బయటే కలుపుకుంటాడు. ఆ వాన సాయంత్రం హడావుడిగా ఇంటికి పోయింది తను. మర్నాడు వచ్చేసరికి కిటికీ వేసి ఉంది, నేల తుడిచి ఉంది. ఆ కిటికీ కింది అరలో చివరి పుస్తకం ఇదే. ఏడాదిపాటు ఊరంతా ఎగతాళి చేస్తుంటే ఈ మనిషి ఒక్క ముక్క బయటపెట్టలేదు. ఆమెకి సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"చెంబూ లేదు, ఏమీ లేదు సార్. కిటికీ వెయ్యడం మర్చిపోయింది నేను."

బాబాయి ఆమెవైపు గుడ్లురిమాడు. అధికారి అప్పటికే పుస్తకంలో పడిపోయాడు. పేజీ తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు.

"ఇదేంటి? వాళ్ల అక్క ఒక మాటంది అని ఉంది, కింద ఖాళీ. పక్క పేజీలోనేమో 'ఆ మాటకి అతను ఫక్కున నవ్వి గిటారు అందుకున్నాడు' అంటున్నారు. ఏమందయ్యా?"

"అది అమ్మాయి చెప్పాలండీ. ఆమెకి తీరిక దొరకలేదు."

"చెప్పమ్మా! పుస్తకం తక్కువైతే నేను రాయాలి గానీ, ఇక్కడ ఎక్కువైతే నేనేం రాస్తాను? నీ ఉద్యోగానికేం కాదు. ముందు ఆ మాట చెప్పు!"

అమ్మాయి బాబాయి వైపే చూస్తూ చెప్పింది.

"నువ్వు బెంగపడకుండా వెళ్లరా, కిటికీలు నేను వేసుకుంటాలే అంది."

"కచేరీకీ కిటికీలకీ ఏం సంబంధం?" అన్నాడు అధికారి.

బాబాయి ఫక్కున నవ్వి పెన్సిలు అందుకున్నాడు.

ఆ పూట పిన్ని కథ చివరిదాకా విని, నోరెళ్లబెట్టి, మూడుసార్లు మారు వడ్డించింది.