నొప్పి లేని కన్ను

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరి చూపూ నా మోకాళ్ల మీదే ఉండేది. లేస్తూనే అమ్మ వాటిని తడిమి చూసేది. అవ్వ వావిలాకు కాచిన నీళ్లతో కాపడం పెట్టేది. నాయన అంగడికి పోతూ పోతూ "ఈ పొద్దు ఎట్లుండాయి పాపా?" అని అడిగి పోయేవాడు. ఐదో ఏట మొదలైన వాపు అది. కొన్నాళ్లు తగ్గేది, చెప్పకుండా మళ్లీ వచ్చేది. తెల్లవారి కాళ్లు కొయ్యబారిపోయి, ఎండ బాగా ఎక్కితే గానీ వంగేవి కావు. అందుకని నన్ను బడికి పంపలేదు. ధర్మవరం బజారులో మాకు బెల్లం, చింతపండు అంగడి ఉండేది. నాయన మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చదువు చెప్పేవాడు. నాకు వచ్చిన నాలుగక్షరాలూ ఆయన పెట్టిన భిక్షే.

ఒకసారి గోరంట్ల నుంచి మా మేనత్త వచ్చింది. నా నడక చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, మళ్లీ తనే సర్దుకుని, "పోనీలే వదినా, కాళ్లు ఎట్లున్నా కండ్లు మాత్రం దీపాల మాదిరి ఉండాయి దీనికి" అంది. ఆ మాటకు మా అమ్మ నవ్వింది. నా జబ్బు మొదలైనాక నన్ను గురించి ఎవరైనా మాట్లాడుతుంటే అమ్మ నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు నా మనసులో అట్లాగే నిలిచిపోయింది.

అందుకే, ఎనిమిదో ఏట నా కుడికన్ను మసకబారడం మొదలైతే నేను ఎవరికీ చెప్పలేదు. కన్ను ఎర్రబడలేదు, నీరు కారలేదు, కొంచెం కూడా నొప్పి లేదు. ఎవరో దాని మీద పల్చటి తడిబట్ట వేసినట్టు ఉండేది, అంతే. అమ్మకు మిగిలిన ఆ ఒక్క సంతోషాన్నీ నేను ఎట్లా పోగొట్టేది? ఎడమకన్నుతో చదువుకునేదాన్ని. కుడివైపు నుంచి ఎవరైనా వస్తే అడుగుల చప్పుడు విని తల తిప్పేదాన్ని. ఆ వయసులోనే ఎంత గట్టిపిండాన్నో అనుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

మా పక్కింట్లో మగ్గాలు ఉండేవి. ఆ ఇంటి అక్కది పడుగు అతికే పని. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే, ఆ పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా కలపాలి. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, చిటికె వేసినంత సేపట్లో ఒక పోగు మెలిపెట్టేది. అట్లాంటివి వేలు. నేను గోడ పట్టుకుని మెల్లగా నడిచిపోయి ఆమె దగ్గర కూర్చునేదాన్ని. బడికి పోయే పిల్లలంతా వెళ్లిపోయాక వీధిలో నాకు తోడు ఆమె ఒక్కతే.

పనికి కూర్చునే ముందు ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఒక పోగును వాకిలి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ముందు ఒక కన్ను మూసి చూసేది, తర్వాత రెండో కన్ను మూసి చూసేది. ఎందుకక్కా అని అడిగితే, "రెండూ తెరుచుకుని చూస్తే ఒకదాని తప్పు ఇంకోటి కప్పిపెడతాది పాపా. మా అమ్మకు అట్లనే అయింది. ఒక కన్ను పోయిన సంగతి రెండోది పోయేంతవరకూ తెల్లేదు" అని చెప్పింది.

ఒకరోజు ఏమనుకుందో, "రా, నువ్వూ చూద్దువు" అని నన్ను వాకిట్లో నిలబెట్టింది. ముందు నా కుడికన్ను తన అరచేత్తో మూసింది. "ఎన్ని పోగులు?" అంది. రెండు అన్నాను. సరిగ్గానే చెప్పాను. తర్వాత ఎడమకన్ను మూసింది. నా ఎదుట తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. ఆమె చెయ్యి ఒకటి పైకి లేచినట్టు మాత్రం తెలిసింది.

"ఇప్పుడు ఎన్ని?"

"మూడు" అన్నాను, తడుముకోకుండా.

"ఏం రంగు?"

"ఎరుపు."

ఆమె నా కన్ను మీది నుంచి చెయ్యి తీసింది. చూస్తే, ఆమె వేళ్ల మధ్య పోగే లేదు. ఉత్త వేళ్లు.

తిడుతుందనుకున్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె కింద కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుని, "ఎన్నాళ్లనించి?" అని అడిగింది. "మామిడికాయల కాలం నించి" అన్నాను. మేనత్త మాటా, అమ్మ నవ్వూ అన్నీ చెప్పేసి ఏడ్చాను. "మీ అమ్మ నవ్వు కోసరం కండ్లు పోగొట్టుకుంటావా పిచ్చిదానా? నీ కండ్లు పోతే ఆమె ఇంక ఎప్పుడన్నా నవ్వుతాదా?" అంది. తన పని అట్లాగే వదిలేసి నన్ను నడిపించుకుని మా ఇంటికి వచ్చింది.

అమ్మ నమ్మలేదు. నన్ను వెలుగులోకి లాగి చూసి, "తెల్లగా ముత్యం మాదిరి ఉండాది కన్ను. నొప్పన్నా లేదంటాంది. నీ సన్న పోగులు ఎవరికి కనపడతాయమ్మా?" అని విసుక్కుంది. "సరే చిన్నమ్మా, నన్ను ఎన్నన్నా అనుకో. బిడ్డను మాత్రం రేపు బండెక్కించు" అని అక్క మొండిగా గడపలోనే కూర్చుంది. నాయన వచ్చి విషయమంతా విన్నాకే లేచి వెళ్లింది.

బెల్లం కొనడానికి నాయన వారం వారం హిందూపురం పోయేవాడు. అక్కడ ఒక కళ్ల డాక్టరు ఉన్నాడని ఆయనకు తెలుసు. మర్నాడు నన్ను రైలెక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి కొండ కిటికీ నిండా నిలబడింది. నేను ఎడమకన్ను మూసుకున్నాను. అంత కొండా లేదు. మళ్లీ తెరిచాను, ఉంది. అప్పుడు నా అంతట నేనే, "నాయనా, ఈ కంటికి కొండ కనపడలేదు" అన్నాను. ఆయన నా తల తన ఒళ్లో పెట్టుకుని హిందూపురం వచ్చేదాకా నిమురుతూనే ఉన్నాడు.

డాక్టరు ఒక పరికరానికి నా గడ్డం ఆనించి, సన్నటి వెలుగు వేసి చాలాసేపు చూశాడు. తర్వాత చూసింది కళ్లు కాదు, నా మోకాళ్లు! "మోకాలి వాపూ కంటి లోపలి వాపూ ఒకే జబ్బు పనప్పా. కొందరు పిల్లలకు కీళ్లతోపాటు కన్ను కూడా లోపల వాస్తుంది. నొప్పి ఉండదు, అందుకే ఎవరికీ తెలీదు" అని నాయనకు చెప్పాడు. కుడికన్నులో కనుపాప అంచు వెనక్కి అంటుకుపోయింది, పైగా పొర కట్టింది, దానికి ఆలస్యమైపోయింది. ఎడమకన్నులో అప్పుడే మొదలవుతోంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే అదీ దక్కేది కాదన్నాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు పోరాటం. రోజుకు ఎన్నోసార్లు కళ్లల్లో చుక్కలు వేయాలి. వాటిలో ఒక మందు వేస్తే దగ్గరి అక్షరాలు అలుక్కుపోయేవి, ఎండలో కళ్లు తెరవలేకపోయేదాన్ని. "మందేసినాకే ఎక్కువైంది" అని అమ్మ ఒకరోజు సీసా దాచేసి స్వామికి ముడుపు కట్టింది. అక్క వచ్చి, "మొక్కుకో చిన్నమ్మా, మందూ వెయ్యి. ఆ మందు ఇచ్చినోడికి బుద్ధి ఇచ్చింది ఆ స్వామే కదా" అని సీసా బయటికి తీయించింది. మసక వచ్చేది మందు వల్లనే, భయపడొద్దని డాక్టరు ముందే చెప్పాడని నాయన కూడా గుర్తు చేశాడు. ఆ పూట నుంచి సీసా నా చేతికే ఇమ్మన్నాను. తల వెనక్కి వాల్చి, దేవుడి నామం మనసులో అనుకుంటూ, నా కళ్లల్లో నేనే చుక్కలు వేసుకున్నాను. ఒక్క పూట కూడా తప్పలేదు.

కాళ్లు బాగున్న నెలల్లో కూడా హిందూపురం పోయాం. "కాళ్లు బాగుండాయి కదా, ఎందుకు?" అని బంధువులు అడిగితే, అమ్మే, "కంటికి నోరు లేదు, మనమే పోయి అడగల్ల" అని జవాబు చెప్పేది. పదహారేళ్లకు మోకాళ్లు నెమ్మదించాయి. కుడికన్ను మాత్రం వెలుగూ నీడా తప్ప నాకు ఏమీ ఇవ్వలేదు. ఎడమకన్ను నిలిచింది. ఆ ఒక్క కంటితోనే మా అవ్వకు రామాయణం చదివి వినిపించాను, పిల్లల్ని పెంచాను, ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. నేను నోరు విప్పి ఉంటే రెండో కన్ను కూడా దక్కేదేమో. ఆ బాధ ఉంది. అంతకన్నా, నా అబద్ధాన్ని పట్టుకుని నన్ను కాపాడిన ఆ పక్కింటి అక్క పట్ల కృతజ్ఞత ఎక్కువ.

మొన్న గుడిలో హారతి ఇస్తుంటే ఎవరో పడుచుపిల్ల నా ఎడమవైపు అడ్డంగా వచ్చి నిలబడింది. ఒకప్పుడైతే నలుగురూ వింటారని సిగ్గుపడి, మసకలోనే దండం పెట్టుకుని వచ్చేసేదాన్ని. "అమ్మా, నాకు ఒక కన్ను కనపడదు. కొంచెం జరుగు తల్లీ, స్వామిని చూసుకుంటాను" అన్నాను, అందరికీ వినపడేలాగానే. ఆ పిల్ల గబుక్కున పక్కకు జరిగింది. నేను కళ్లారా చూసుకున్నాను.