పితకని పాలు

పాల ప్యాకెట్ చింపినప్పుడల్లా ఆ పచ్చివాసనకి మన్యం కొండల్లోని చింతపల్లి గుర్తొస్తుంది. నాన్నకి అక్కడ కిరాణా కొట్టుండేది. ఒక చలికాలం, జీపు తగిలి కాలు విరిగిన వీధిపిల్లిని ఎత్తుకొచ్చి కాఫీ గోనె మీద పడుకోబెట్టాను. కట్టు కట్టబోతే కరిచింది. ఏం పెట్టినా ముట్టలేదు. పాలైతే తాగుతుందేమో అనుకున్నాను గానీ, కింద నుంచి పాలు తెచ్చే జీపు ఆ రోజు రాలేదు.

గ్లాసు పట్టుకుని, కొండవాలు గిరిజన గూడెంలో ఉండే సోములమ్మ ఇంటికి పరిగెత్తాను. వాళ్ల ఆవు కొత్తగా ఈనింది.

"మామ్మా, పిల్లి సచ్చిపోతాది. కూసింత పాలియ్యి."

"మేం పాలు పితకం గుంటా. అయి దూడయి," అంది.

పిసినారిది అనుకున్నాను. ఏడుస్తూ ఉత్త గ్లాసుతో తిరిగొచ్చాను. కాసేపటికి ఆమే వచ్చి, తను తెచ్చిన చోడి అంబలిలో, అదే రాగి జావలో, వేలు ముంచి పిల్లి మూతికి రాసింది. అది నాకింది. నేను రాస్తే మొహం తిప్పుకుంది.

కుంటుతూ నడవగలిగిన రోజే పిల్లి ఆమె ఇంటికి వెళ్లిపోయింది. వెనకాలే వెళ్లి పిలిచాను. తిరిగి చూడలేదు. పాకలో దూడ పొదుగు కుమ్ముతూ తాగుతుంటే, దాని మూతి నుంచి కారిన నురగని పిల్లి నాకుతోంది. సోములమ్మ అదిలించలేదు.

పిల్లికి ఆ చుక్కలు చాలాయి. గ్లాసు కావాల్సింది నాకే.