పంప్‌షెడ్డులో కరెంటు పోయిన రోజు

నా చిన్నప్పుడు కొత్తగూడలో అందరికంటే పెద్ద గొంతు ఎవరిదని అడిగితే ఎవరైనా మా తాతనే చూపించేవారు. ఇప్పుడు ఫ్లైఓవర్ దిగుతుంటే పక్కన అపార్టుమెంట్లు కనిపిస్తాయే, అక్కడ మాకు అంగూరు తోట, అంటే ద్రాక్షతోట, ఉండేది. తాత ఒక మూల నిలబడి కేకేస్తే రెండో మూల పనిచేసేవాళ్ల చేతులు వాటంతటవే వేగం పుంజుకునేవి. పిల్లలం ఒక్క పచ్చికాయ తెంపినా ఆయనకెలా తెలిసిపోయేదో నాకిప్పటికీ అంతుపట్టదు. ప్రేమగా మాట్లాడటం ఈతలాంటిదని, చిన్నప్పుడు నేర్చుకోకపోతే ఇక రాదని ఆయన్ని చూపించి మా నాయనమ్మ అంటుండేది.

ఆ కేకల్లో సగం మా చిన్నాయనకే దక్కేవి. ఆయన తాతకు చిన్నకొడుకు. తోటపని వదిలేసి పట్నంలో ఒక వెల్డింగు షాపులో చేరాడు. తాతకు అది మింగుడుపడలేదు. "నీకు మన్ను చేదైంది, ఇనుము తియ్యగైంది" అని అన్నం ముందు కూడా దెప్పేవాడు. చిన్నాయన తల వంచుకుని తినేసి లేచిపోయేవాడు. ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు. ఆ పిచ్చి మర్యాదే ఒకసారి ఆయన కొంప ముంచబోయింది.

వెల్డింగు వెలుతురు ఏం చేస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు ముందు ఏడాది చిన్నాయన నల్ల అద్దం లేకుండానే ఒక చిన్న అతుకు వేశాడు. చేసేటప్పుడు ఏమీ కాలేదు, హాయిగా సైకిలెక్కి ఇంటికొచ్చాడు. దీపాలు పెట్టే వేళకు మొదలైంది. కళ్లలో ఇసుక పోసి రుద్దుతున్నట్టుందన్నాడు. రెప్ప తెరవలేక, నీళ్లు ఆగక, చీకటి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతెత్తు మనిషి ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. నాయనమ్మ తడిగుడ్డలు మారుస్తూ కూర్చుంది. తాత గడప బయట కూర్చున్నాడు. లోపలికి రాలేదు, అక్కడి నుంచి లేవనూ లేదు. ఆ వెలుతురులో కంటికి కనబడని మంట ఒకటి ఉంటుందని, అది తగిలేటప్పుడు తెలియదని, పోట్లు తర్వాత వస్తాయని తగ్గాక చిన్నాయన మాకు చెప్పాడు. రెండుమూడు రోజులదాకా ఆయనకు మనిషి ముఖం సరిగ్గా ఆనలేదు.

ఆ తర్వాతి ఏడాది, అంటే అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ కోసం కాలేజీ పిల్లలు రోడ్డెక్కారు. మా బడి మూతపడింది. అది మాకు పండగే, అబద్ధమెందుకు. పట్నంలో ఇవాళ బంద్ అంటే రేపు కర్ఫ్యూ. మన కొలువులు మనకే కావాలని ఊరి రచ్చబండ దగ్గర కూడా అదే మాట. సరిగ్గా ఆ రోజుల్లోనే చిన్నాయనకు పట్నంతో పనిలేకుండా ఊరికి అటువైపున్న ఒక ఫ్యాక్టరీలో కొలువు దాదాపు ఖాయమైంది. పనిలో పరీక్ష పెట్టి మెచ్చుకున్నారు. ఇక మిగిలింది కళ్ల పరీక్ష. అందులో చూపు తేలిపోయిందో, వెల్డింగు పనికి ఎవరూ తీసుకోరు, మళ్లీ పిలవనూ పిలవరు. మా ఇంట్లో అప్పటిదాకా నెలజీతం మొహం చూసినవాళ్లు లేరు.

కళ్ల పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా బావిలో మోటారును మోసే ఇనుప చట్రం విరిగింది. కాయ నీళ్లు పట్టి లావెక్కే సమయం. ఎండలు మండుతున్నాయి. ఆ వారం తడి లేకపోతే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. షాపు ఎలాగూ మూసే ఉంది కాబట్టి యజమాని వెల్డింగు మిషను ఇచ్చాడు. కర్ఫ్యూ సడలించిన పూట చూసి చిన్నాయన దాన్ని ఎద్దులబండి మీద తెచ్చాడు. తోటలో దించాక చూస్తే, ముఖానికి అడ్డం పెట్టుకునే తెరలోని నల్ల అద్దం పొడిపొడి అయి ఉంది. దారి కుదుపులకు మిషను దాని మీదికి జరిగింది. అలాంటి అద్దం పట్నంలో తప్ప దొరకదు. పట్నం అప్పటికే మళ్లీ మూతపడింది.

నాయనమ్మ గబగబా ఒక కిటికీ అద్దం ముక్క తెచ్చి కిరసనాయిలు దీపం మీద పట్టి మసి చేసింది. గ్రహణం నాడు మేమందరం సూర్యుణ్ని అలాంటి ముక్కలోంచే చూసేవాళ్లం. అది గ్రహణానికి కూడా పనికిరాదని ఇప్పుడంటున్నారు, అప్పట్లో మాకు అదే పెద్ద రక్ష. చిన్నాయన దాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో కొంచెం మసి తుడిచి చూపించి, మెల్లగా పక్కన పెట్టాడు. "ఇది దాన్ని ఆపదు అమ్మ. ఆ మంట ఇందులకెళ్లి దూరి వస్తది" అన్నాడు.

అప్పుడు తాత అందుకున్నాడు. "ఇన్నేండ్లు నేర్చుకున్న పని ఇంటికి అక్కరొచ్చిన్నాడే పనికి రాదా? తోట ఎండిపోతుంటే చూసుకుంట కూసుందామా?"

 'నా కళ్లు పోతే ఎల్లుండి కొలువు పోతుంది' అని చిన్నాయన ఆ ఒక్క మాట అనొచ్చు కదా. అనలేదు. అంటే, తోటకంటే తన కొలువే ఎక్కువైందని మళ్లీ దెప్పుతాడని భయం. "చేస్త నాయిన. రాడ్డు ఆనిచ్చేటప్పుడు కండ్లు మూసుకుంట" అని రాడ్డు బిగించే పిడి తేవడానికి బండి దగ్గరికి వెళ్లాడు. కళ్లు మూసుకుని అతుకు వేయడం కుదరదని నాకే తెలుసు, ఆయనకు తెలియదా.

నాయనమ్మ తాతతో గట్టిగా ఏమీ అనలేదు. "పోయినేడు గడప కాడ కూసున్నది యాదికి లేదా" అని మాత్రం అని, మసి అద్దం తీసుకుని ఇంటివైపు నడిచింది.  తాత పంప్‌షెడ్డులోకి వెళ్లాడు.

నేను షెడ్డు పక్కన పందిరి కింద ఉన్నాను. తాత బోర్డు తలుపు తెరిచి, మీట దించి, కరెంటును కలిపే పింగాణీ ఫీజు ఒకటి పీకి ధోతి మడతలో దోపుకోవడం తడికె సందులోంచి కనిపించింది. బయటికి రాగానే ఎదురుగా నేను. ఎవరితో అనొద్దని చెప్పలేదు, కళ్లెర్రజేయలేదు. చెయ్యెత్తి ఒక గుత్తి తెంపి నా చేతిలో పెట్టాడు. ఆ కాయలు ఇంకా నాలుక కొరికేంత పులుపు. ఆయన తన చేత్తో పచ్చికాయ తెంపి ఇచ్చింది నా జన్మలో ఆ ఒక్కసారే.

చిన్నాయన వచ్చి తీగలు కలిపాడు, మిషను పలకలేదు. షెడ్డులోకి వెళ్లి బోర్డు తెరిచాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, "కరెంటు లేదు నాయిన" అన్నాడు. తాత వెంటనే గొంతు పెంచి, బంద్ అంటే కరెంటు గూడ బంద్ పెడ్తరా అని కనబడని వాళ్లందరినీ తిట్టాడు. అంత కమ్మగా నటించగల మనిషని నాకు తెలియదు.

ఆ పూట నుంచి ఇంటిల్లిపాదీ బావిలోంచి చేదతో తోడి కుండలతో నీళ్లు మోశాం. తాత అందరికంటే ఎక్కువ మోశాడు. అయినా సగం తోట అందలేదు. ఆ సగంలో గుత్తులు తీగ మీదే ముడుచుకుపోయాయి. తాత వాటి కింద నడుస్తూ ఒక్కమాట మాట్లాడలేదు. ఆ మౌనం చూస్తే కేకలే నయమనిపించింది. చిన్నాయన సైకిల్ మీద వెళ్లి పరీక్షలో గోడ మీది అట్టడుగు అక్షరాలు కూడా చదివేసి వచ్చాడు. కొలువు వచ్చిందని చెబితే తాత, "ఇగ ఇంటి మొఖం గూడ చూడవు" అన్నాడు. అది ఆయన భాషలో సంతోషం.

తాత పోయాక చాన్నాళ్లకు నేను ఉండబట్టలేక ఆ ఫీజు సంగతి చిన్నాయనకు చెప్పాను. ఆయన ముందు నవ్వాడు. తర్వాత నవ్వలేకపోయాడు. "ఫీజు లేని బోర్డును చూసి కరెంటు పోయిందనుకునే వెల్డరు ఉంటడా బిడ్డా? ఆ ఖాళీ చూడంగనే ఎవరు తీసిన్రో ఎరుకైంది. షెడ్ల నిలబడి ఏడ్చిన. నాయిన నాకోసం తోట ఇడిసిపెట్టిండని నోటితోని అంటే ఆయన సిగ్గుపడ్తడని, కరెంటే లేదన్న."

మొన్న మా అపార్టుమెంటు గేటు అతకడానికి ఒకతను వచ్చాడు. కంటికి మామూలు చలవ అద్దాలు పెట్టుకున్నాడు. తెర ఏదని అడిగితే అలవాటేనమ్మ అన్నాడు. నేను వాదించలేదు. లోపల పసిబిడ్డ పడుకుంది, చప్పుడు కుదరదు, ఈ పూట కూలి నీదే, రేపు తెర తెచ్చుకుని రా అన్నాను. మా ఇంట్లో పసిబిడ్డ లేదు. నా కోడలు నన్ను వింతగా చూసింది.

పంపకాల్లో తోట నాకు రాలేదు. తాత నుంచి వచ్చింది ఇదే. మనిషిని కాపాడాలంటే వద్దని చెబితే చాలదు, తల దించుకోకుండా అతను ఆగిపోయే దారి కూడా మనమే వేయాలి, అందుకు చేతికొచ్చిన పంట పోయినా సరే.