తట్టి చూసిన బురద

సముద్ర పరిశోధన నౌకలో టెక్నీషియన్‌గా చేరిన ఏడాది, జనవరిలో, నన్ను మొదటి యాత్రకు వేశారు. మాది మందమర్రి. బడి చదువు పదో తరగతి దగ్గరే ఆగింది; మిగిలినదంతా పాత పుస్తకాలూ ఒక డిక్షనరీ ముందేసుకొని నేర్చుకున్నదే. అంతకుముందు బొగ్గు అన్వేషణలో డ్రిల్లింగ్ పని చేశాను.

నౌక మీద పని ఇది. బరువు కట్టిన పొడవాటి ఇనుప గొట్టాన్ని సముద్రం అడుగుకు వదులుతారు. అది దిగబడి, లోపలున్న ప్లాస్టిక్ గొట్టం నిండా బురద తెస్తుంది. దాన్ని మీటరు ముక్కలుగా కోసి, మూతలు బిగించి, చల్లగదిలో నిలబెట్టాలి. ఆ తర్వాత రెండు పరీక్షలు. గొట్టానికి ఒక పక్క నుంచి శబ్దం పంపి, అవతలికి ఎంతసేపట్లో చేరిందో చూడటం ఒకటి. నాలుగు రెక్కల చిన్న పరికరాన్ని గుచ్చి, ఎంత బలంగా తిప్పితే బురద తెగుతుందో చూడటం రెండోది. అడుగు బురద పైపొరలో శబ్దం సముద్రపు నీటిలో కన్నా కాస్త నెమ్మదిగా పోతుందంటే నేను రెండు రోజులు నమ్మలేదు.

ఆ బురద రజిత పరిశోధన కోసం. పీహెచ్‌డీ చేస్తున్న హుజూరాబాద్ పిల్ల, తండ్రి మరమగ్గం నడిపేవాడు. నన్ను కాకా అని పిలిచేది. నౌక మళ్లీ ఆ చోటికి పోయేది లేదు. ఆమెకు దక్కినవి పన్నెండు గొట్టాలు, అంతే.

వాటిలో ఏడింటి బురద రెక్క తిరగగానే విడిపోయింది. ఐదు గట్టిగా నిలిచాయి. ఆ ఏడూ నా షిఫ్టువి. ప్రధాన శాస్త్రవేత్త రిజిస్టరు చూసి, చదువు లేనివాళ్ల చేతికిస్తే ఇంతేనని అందరి ముందూ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక్క గొట్టాన్నీ పడుకోబెట్టలేదని, ఎండ తగలనివ్వలేదని గట్టిగానే చెప్పాను.

సాయంత్రం రజిత ఒక ఖాళీ గొట్టం పట్టుకొచ్చింది.

"కాకా, జర కోపం పక్కకు పెట్టు. డెక్కు మీదికెల్లి చల్లగది దాంక ఏం జేస్తవో గట్లనే చేసి చూపెట్టు."

"నన్ను పరీక్ష జేస్తున్నవా బిడ్డా?"

"నిన్ను గాదు, నీ చేతుల్ని."

కోసినట్టు చేశాను. మూతలు బిగించాను, చల్లగదిలో నిలబెట్టాను. ఆపైన నా చెయ్యి దానంతట అదే పక్కనున్న కర్ర అందుకొని గొట్టాన్ని పైనుంచి కిందికి నాలుగు చోట్ల కొట్టింది.

"గిదేంది కాకా?"

"లోపట బోలుగున్నదా, నిండుగున్నదా తెలుస్తది. మా బాపు బెల్లంపల్లి గనిల సర్దారు. పైకప్పును గిట్లనే కొట్టి, సప్పుడు ఇన్నంకనే పనోళ్లను లోపటికి రానిచ్చేటోడు."

"రాయికి సరే. బురదకు?"

కర్ర కింద పెట్టేశాను. వేల ఏళ్లుగా కదలకుండా పేరుకున్న మన్ను అది. కదిపితే రేణువుల పట్టు సడలిపోతుందని అప్పుడు అర్థమైంది. గొట్టాలను కదిలించొద్దని గోడకు బోర్డు ఉంది. ఎందుకో మాత్రం అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

రిజిస్టరు తెరిచి, ఈ ఏడింటినీ కర్రతో తట్టాను, బలం పరీక్షకు పనికిరావు అని రాయబోయాను.

"రాయకు కాకా, నౌకరి పోతది."

"పోతే మందమర్రి ఉన్నది. రాయకుంటే, ఆ చోటి బురదే బలం లేనిదని నువ్వు తప్పు రాస్తవు."

రాసి సంతకం పెట్టాను. నౌకరి పోలేదు. రజిత ఆ ఐదు గొట్టాల కొలతలతోనే పరిశోధన ముగించింది. నా తప్పు నేను ఒప్పుకున్నాను. ప్రధాన శాస్త్రవేత్త చదువు గురించి అన్న మాటను మాత్రం ఇప్పటిదాకా వెనక్కి తీసుకోలేదు.

రాతిని తట్టితే దాని సంగతి తెలుస్తుంది. బురదను తట్టితే సంగతే మారిపోతుంది. ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ, చల్లగదిలోంచి ఆ కర్ర ఎందుకు తీసేశానో ముందు చెప్పి, ఆ తర్వాతే గొట్టం చేతికిచ్చాను.