మూడు పనస చెక్కలు

మా పక్క ఖాళీ స్థలంలో ఎండిపోయిన వేపచెట్టును ఈమధ్య పెట్రోలు రంపంతో కోశారు. అమలాపురంలో మేముండేది రెండో అంతస్తులో. కాలిన పెట్రోలు పొగా, అప్పుడే తెగిన చెక్క వాసనా కలిసి వంటింటి కిటికీలోంచి లోపలికి రాగానే, నాలుగేళ్ళ మా పిల్లాడికి ఎక్కడ ఆయాసం మొదలవుతుందోనని పరుగున వెళ్ళి తలుపులన్నీ మూసేశాను. నాకు ప్రతిదానికీ భయమే. వాడు రెండుసార్లు తుమ్మితే చాలు, థర్మామీటరు వెతుకుతాను. అన్నీ మూశాక కూడా ఆ వాసన ఇంట్లోనే తచ్చాడింది. కోసేది వేపచెట్టని కళ్ళతో చూస్తున్నా, నాకు మాత్రం పనస వాసనే తగిలింది.

మా ఊరు కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉండేది. నాన్నగారు అక్కడి బడిలో మాస్టారు. ఇంటి ముందు, కిటికీకి పది అడుగుల దూరంలో, ఇద్దరు పిల్లలు చేతులు చాపినా అందనంత లావు పనసచెట్టు ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే పండిన కాయల వాసన ఇంట్లో దుప్పట్లకు కూడా పట్టేది. మామ్మ అప్పుడే కోసిన నాలుగు ఆకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద పొట్టిక్కలు వండితే, మూత తీయగానే లేచే ఆకుపసరు వాసనకే మాకు సగం కడుపు నిండేది. వానాకాలం మధ్యాహ్నాలు నేనూ వీధిపిల్లలూ పనసగింజల్ని పొయ్యిలో వేడి బూడిద కింద కప్పి, అవి చిటపటమనేదాకా పొయ్యి ముందు గొంతుక్కూర్చునేవాళ్ళం. కొమ్మకు గాటు పెడితే కారే తెల్లటి పాలను పుల్లకు చుట్టి, ఆ జిగురుతో తూనీగల్ని పట్టేవాళ్ళం. ఆ జిగురు జుట్టుకు అంటుకుంటే మామ్మ కొబ్బరినూనె రాసి గంటసేపు తిడుతూ తీసేది.

డిసెంబరు రాగానే అమ్మ వెదురుబద్దలు చీల్చి, రంగుకాగితాలు అంటించి క్రిస్మస్ నక్షత్రం చేసేది. పండక్కి గులాబీ పువ్వుల పిండివంట, కజ్జికాయలు వండడం కంటే ఆ నక్షత్రం పైకెత్తడమే మాకు ఎక్కువ సంబరం. అమ్మ తాడును పనసకొమ్మ మీదుగా విసిరి, నక్షత్రాన్ని పైకి లాగి, ఆ తాడు కొసను మానుకు తన గుండెల ఎత్తున కొట్టిన మేకుకు చుట్టేది. ఉప్పుగాలికి ఏడాది తిరిగేసరికి మేకు తుప్పు పట్టేది, బెరడు దాన్ని సగం మింగేసేది. పీకితే పాలు కారి చేతులకూ కాగితాలకూ అంటుకుంటాయని అమ్మ పాతదాన్ని అలాగే వదిలేసి, పక్కనే కొత్తది కొట్టేది. మేకులు అందించే పని నాది. నాన్నగారు అప్పుడు మా ప్రార్థన గుడివాళ్ళతో కలిసి పాటలు పాడుతూ వీధివీధీ తిరుగుతుండేవారు. ఇంటికొచ్చేసరికి ఆయనకు కనపడేది వెలుగుతున్న నక్షత్రమొక్కటే.

నాకు తొమ్మిదో ఏడు వచ్చేసరికి మా ఇంటికి మూడు వైపులా రొయ్యల చెరువులు వచ్చేశాయి. బావినీళ్ళు ఉప్పగా మారాయి. పనసచెట్టు ఆకులు పైకొమ్మ నుంచి పండుబారడం మొదలుపెట్టాయి. నాన్నగారు చెరువుల ఆసామి దగ్గరకు వెళ్ళిన ప్రతిసారీ ఆయన కుర్చీ వేయించి, టీ ఇప్పించి, "ఆయ్, చూద్దాం మాస్టారండీ" అనేవాడు. అంత మర్యాదగా మాట్లాడే మనిషితో ఎలా పోట్లాడాలో నాన్నగారికి తెలియలేదు. మామ్మ రోజూ కాలవ నుంచి బిందెతో మంచినీళ్ళు తెచ్చి చెట్టు వేళ్ళకు పోసేది. "ఒక్క చిగురెయ్యవే, ఒక్కటి" అని చెట్టును బతిమాలేది. మరుసటి ఎండాకాలానికి ఒక్క ఆకు లేదు.

ఆ ఏడు వానల్లోనే అమ్మ కాలవ రేవులో జారిపడింది. నడుం పట్టేసింది. మంచానికి నులక, పరుపు పనికిరావు, గట్టి చెక్క మీదే పడుకోబెట్టాలి, లేకపోతే మళ్ళీ సరిగ్గా నడవలేకపోవచ్చు అన్నారు డాక్టరుగారు. నేల మీద పడుకోబెడదామంటే మా ఇంటి నేల చెరువుల చెమ్మకు ఎప్పుడూ తడిగానే ఉండేది. అమ్మ పళ్ళు బిగబట్టి మూలుగుతుంటే ఆ పక్కనే ఆమె కొంగు పట్టుకుని నేను పడుకునేదాన్ని. వడ్రంగి వచ్చి ఎండిన పనసమాను చుట్టూ తిరిగి, "నాలుగు చెక్కలు దిగితే తల్లీకూతుళ్ళిద్దరూ పడుకోవచ్చండి" అన్నాడు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో.

దుంగను సామిల్లుకు తీసుకెళ్ళే దారి లేదు. చెరువులు రెండువైపులా కొరుక్కుతినగా మిగిలిన గట్టు మీద సైకిలు ఒక్కటే పట్టేది. అందుకని ముమ్మిడివరం నుంచి సత్తిబాబు అనే అతను పెట్రోలు రంపం భుజాన వేసుకుని నడిచొచ్చాడు. వెనక అతని భార్య మంగ, చేతిలో పెట్రోలు డబ్బా, గుర్తు పెట్టడానికి బొగ్గునీళ్ళలో ముంచే దారం. మొదటిరోజు చెట్టు కూల్చి, ఆరడుగుల దుంగను దిమ్మల మీదకు ఎక్కించారు. రెండోరోజు పొద్దున్నే కోత మొదలుపెట్టే ముందు సత్తిబాబు మానంతా అరచేత్తో తడిమాడు.

"మాస్టారండీ, లోపల ఇనుపముక్కలేవైనా ఉన్నాయాండి? ఉంటే మిషను పెట్టనండి. చెయిన్ తెగిందంటే మనిషి మీదకే వత్తాది."

"ఒక మేకుంటే నేనే పీకేశానండి. ఇంకేమీ లేవు" అన్నారు నాన్నగారు. ఆయనకు నిజంగా తెలియదు.

నాకు తెలుసు. నాకు ఊహ తెలిశాక అందించినవే నాలుగైదు, అంతకుముందువి, బెరడు పూర్తిగా మింగేసినవి ఎన్నో. చెప్తే మిషను భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. మంచం ఉండదు. అమ్మ నడవదు. గుమ్మంలో నిలబడి, నోరు మూసుకుని, గౌను అంచు నలుపుతూ ఉండిపోయాను.

మంగ దారం ఒక కొస పట్టుకుంటే అతను రెండో కొస లాగి వదిలేవాడు. మాను మీద నల్లటి గీత పడేది. ఆ గీత వెంట రంపం దిగుతుంటే పసుపు చల్లినట్టు పొట్టు ఎగిరేది. చెట్టు నిలబడి ఉన్నప్పుడు వీధివైపు ఉన్న పక్క నుంచి కోత మొదలైంది. మేకులన్నీ ఇంటివైపు ఉన్న పక్కన. ఒక చెక్క దిగింది. పచ్చగా, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా. మామ్మ దాన్ని కొంగుతో తుడిచి గోడకు ఆనించింది. రెండోది దిగింది. మూడోది దిగింది. ఇంకొక్కటి చాలు, మేకుల దాకా వెళ్ళకుండా ఇంకొక్కటి ఇప్పించు ప్రభువా అని కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూసేసరికి పసుపు పొట్టులో నలుపు కలిసింది. ఇనుము తగిలిన చోట పనసచెక్క అలా నల్లబడుతుందని ఆ తర్వాత తెలిసింది కానీ, అది మంచిది కాదని అప్పుడే అర్థమైంది. అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఆ మోతలో నా గొంతు నాకే వినపడలేదు.

చెయిన్ తెగి సత్తిబాబు ఎడమచేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా చీల్చింది. మంగ కేకలు పెట్టలేదు. కొంగు చింపి గట్టిగా కట్టేసి, అప్పుడు నాన్నగారి వైపు తిరిగింది.

"అడిగేడు కదండీ మాస్టారూ? నోరు తెరిచి అడిగేడు కదండీ? నిజం చెప్పాలని పిల్లలకి చెప్పేది మీరేనాండీ?"

నాన్నగారు గబగబా సైకిలు తీశారు.  సత్తిబాబును దాని మీద కూర్చోబెట్టుకుని, ఆ గట్టు వెంట ఆసుపత్రికి తొక్కుకుంటూ వెళ్ళారు. పదిరోజుల తర్వాత సత్తిబాబు మిషను తీసుకెళ్ళడానికి వచ్చాడు. రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఆ చేత్తోనే నా తల నిమిరి, "ఏం పాపా, బాగా చదువుకుంటన్నావా?" అన్నాడు. 

మూడు చెక్కలతో మంచం తయారైంది. ఒక్క మనిషికే సరిపోయింది. ఆ రాత్రి నుంచి నేను మామ్మ పక్కకు మారాను. అమ్మ చెయ్యి కిందకు వేలాడేసేది, నేను పట్టుకునేదాన్ని. నిద్రలో ఎవరం వదిలేసేవాళ్ళమో తెలిసేది కాదు. ఈస్టరు నాటికి అమ్మ తనంతట తను నడిచి గుడికి వచ్చింది. అందరూ దేవుణ్ణి స్తుతించారు. నేను కూడా పెదాలు కదిపాను.

నా కాన్పుకు అమ్మ వచ్చినప్పుడు, నా నడుముకు నూనె రాస్తుంటే ఇదంతా చెప్పేశాను. అమ్మ నూనెగిన్నె కింద పెట్టింది.

"మేకులు కొట్టింది నేనే కదే. కిటికీ పక్కనే కదా పడుకున్నాను, అతను అడగడం నాకూ వినపడింది" అంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "లేవలేకపోయేను కదా, అందుకే చెప్పలేకపోయేనని ఇన్నేళ్ళూ అనుకుంటా వచ్చేను. కేకెయ్యడానికి నడుంతో పనేముందే?" అంది.

మళ్ళీ నూనె రాయడం మొదలుపెట్టింది.  సత్తిబాబు గురించి తర్వాత అడిగిస్తే, వాళ్ళు ఎప్పుడో ఊరు వదిలి వెళ్ళిపోయారన్నారు.

ఆ ఇల్లు కూడా ఇప్పుడు లేదు. చెట్టు ఉన్నచోట చెరువునీళ్ళలో రొయ్యలకు గాలి అందించే చక్రాలు తిరుగుతున్నాయి. మామ్మ లేదు. నా చేతికి ఆకుబుట్ట కుట్టడం రాదు. పొట్టిక్కలు ఎప్పుడైనా ఆదివారం హోటల్లో కొనుక్కుంటాం. నక్షత్రాలు ప్లాస్టిక్‌వి, బజార్లో దొరుకుతాయి, బాల్కనీ కమ్మీకి వైరుతో కట్టేస్తాను.

మొన్న మా పిల్లాడు కుంటుతున్నట్టు అనిపించి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూస్తే, అరికాల్లో గాజుపెంకు దిగి ఉంది. రెండురోజులైందట. ఎందుకు చెప్పలేదురా అంటే, "నువ్వు ఏడుస్తావుగా" అన్నాడు. తీసి, కడిగి, కట్టు కట్టాను. ఇంకెక్కడైనా నొప్పి ఉందా నాన్నా అని అడిగాను.

"ఏం లేదమ్మా" అన్నాడు, కళ్ళలోకి సూటిగా చూస్తూ.

రెండో పాదం కూడా అరచేత్తో తడిమి, వేళ్ళతో ఒత్తి ఒత్తి చూశాను. వాడు కాలు వెనక్కి తీసుకోలేదు. పైకి నున్నగా ఉంది.