నాపరాయి బిళ్ళ

మొన్న ఆదివారం మా అన్న కొడుకు, కొత్తగా కొన్న రికార్డు ప్లేయరు చూద్దువు రమ్మని నరసరావుపేటలో తన ఇంటికి తీసుకెళ్ళి, గుండ్రటి స్టీలు బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టాడు. చూడ్డానికి చిన్నదేగాని మంచి బరువుంది. దాన్ని రికార్డు మధ్యలో ఇరుసుకు తొడిగితే రికార్డు కదలకుండా కింద తిరిగే పళ్ళేనికి అతుక్కుని కూర్చుంటుందట, పాట ఊగదట, తబలా మోత గట్టిగా పలుకుతుందట. ఇదంతా నిన్నగాక మొన్న ఎవరో కనిపెట్టిన విద్యలాగా వాడు చెబుతుంటే నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కడుపు మండింది. అలాంటిదే రాతి బిళ్ళ ఒకటి మా ఇంట్లో బియ్యం డబ్బా మూత మీద బరువుగా ఏళ్ళ తరబడి పడి ఉంది. దాన్ని చేయించింది వాడి తండ్రే.

మా నాయన నాటకాల్లో పద్యాలు పాడేవాడు. గురజాల మొదలుకొని మాచర్ల దాకా ఆయన రాగం తీస్తే జనం చుట్టలు ఆర్పి వినేవాళ్ళు. మద్రాసు వెళ్ళి ఒకే ఒక్క రికార్డు ఇచ్చి వచ్చాడు, ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. అన్నా నేనూ కలిసి మైకు సెట్టు నడిపే రోజుల్లో ఏ పెళ్ళికి వెళ్ళినా ముందు నాయన పద్యం వేసిన తర్వాతే సినిమా పాటలు. మన వయసు వాళ్ళకు ఆ మైకుల హోరు గుర్తుండే ఉంటుంది. ఒక వేసవిలో అన్న ఆ రికార్డును జీపు బానెట్టు మీద మరిచిపోయి భోజనానికి కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి అది ఎండకు అప్పడంలా వంగిపోయింది. ఆ వంపు దగ్గరికి రాగానే సూది ఎగిరి ఇంకో గాడిలో పడేది.

అన్నకు రెండు రోజులు అన్నం సయించలేదు. మాచర్ల వెళ్ళి, నాపరాళ్ళు కోసేచోట ఒక ముక్కను గుండ్రంగా చెక్కించి, మధ్యలో ఇరుసు పట్టేంత బెజ్జం పెట్టించి తెచ్చాడు. అడుగున మెత్తటి గుడ్డ అంటించి రికార్డు మీద పెడితే, అంత బరువును మోటారు లాగలేక పళ్ళెం ఈడ్చుకుంటూ తిరిగింది. నాయన గొంతు జ్వరం మనిషి మూలుగులా బయటికొచ్చింది. వంటింట్లోంచి మా అమ్మ పరుగెత్తుకొచ్చి, "ఒరేయ్, మీ నాయన ఏనాడన్నా ఇట్టా మూలిగాడంటరా? తీసెయ్యండి ముందు!" అని అరిచింది. అన్న అరుగు మీద కూర్చుని ఆ రాయిని అరగదీయడం, పెట్టి చూడడం, మళ్ళీ అరగదీయడం. చివరికి బరువు కుదిరింది. సూది ఆ మిట్ట ఎక్కి బుద్ధిగా దిగింది. గొంతు కొంచెం ఊగినా పద్యం మొత్తం వినబడింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా అన్న అంటే నాకు ప్రాణంగా ఉన్న రోజులవి.

అమ్మ పోయాక, అన్న గట్టు జరిపాడని పొలం దగ్గర మొదలైన తగువు ఇంటి పంపకాల దాకా వచ్చింది. పెద్దమనుషులు వాకిట్లో మంచాలు వేసుకుని, గిన్నెలూ గడ్డపారలూ రెండు కుప్పలు పోయించారు. నాయన రికార్డు నాకు కావాలని నేనన్నాను, పెద్దకొడుకును కాబట్టి నాదేనని అన్న అన్నాడు. వాళ్ళలో ఒక పెద్దాయన విసుక్కుని, "పాటల మిషనొకరికి, రికార్డులొకరికి. ఆ రాయి మిషను సామానే గదా, మిషనుతో పోద్ది. ఇంకేంది గొడవ?" అన్నాడు. అందరూ భేషైన తీర్పన్నారు. రికార్డు అన్న ఇంటికి, మిషనూ రాయీ నా ఇంటికి వచ్చాయి. మధ్యలో గోడ లేచింది. వంగిన రికార్డు ఆ రాయి లేకుండా పలకదు, రికార్డు లేని రాయి బియ్యం డబ్బాకు తప్ప దేనికీ కొరగాదు. తమ్ముడివి, నువ్వే వెళ్ళాల్సింది అంటారు మీరు. గట్టు జరిపినవాడు రావాలని నేను ఆనాడే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. నిరుడు తన పాడె లేచేదాకా అన్న రాలేదు.

మొన్న ఆదివారం అన్న కొడుకు బీరువాలోంచి ఆ రికార్డే తీశాడు. చూస్తే వంపన్నదే లేదు, పళ్ళెంలా చదునుగా ఉంది. ఎలా అయిందిరా అన్నాను. "మా నాయన ఎండాకాలం వస్తే చాలు, డాబా మీద రెండు బండల మధ్య పెట్టి నొక్కేవాడు బాబాయ్. సాపయిందాకా ఒదల్లా," అన్నాడు. నా రాయితో అవసరం రాకూడదని, అంతే.

వాడు స్టీలు బిళ్ళ తొడిగి సూది దించాడు. సూది ఎగరలేదు, ఊగలేదు, ఈ చివరి నుంచి ఆ చివరికి నున్నగా సాగింది. పద్యం మాత్రం లేదు. రెండో వైపూ అంతే, ఉత్త బుసబుస. ఎండకు మెత్తబడ్డ రికార్డును అన్ని వేసవులు బండల కింద నొక్కితే గాళ్ళన్నీ అణిగిపోయాయి. వీడు వైర్లు పీకి పెడుతున్నాడు, వాల్యూమ్ పెంచుతున్నాడు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇప్పుడు అలాంటి బిళ్ళ ఎవరికి కావాలన్నా అట్టపెట్టెలో గుమ్మం ముందుకొస్తుంది, దానికోసం అన్న గడప తొక్కనక్కర్లేదు. ఆ రోజుల్లో మా నాయన గొంతు వినాలంటే మేమిద్దరం ఒక గదిలో కూర్చోవాలి. అంతకన్నా అన్న, రికార్డును బండల కింద పెట్టుకోవడమే నయమనుకున్నాడు. ఇంటికొచ్చి, కళ్ళు మూసుకుని ఆ పద్యాన్ని తలుచుకోబోయాను. ఎంత తలుచుకున్నా, మా అమ్మ తీసెయ్యమన్న ఆ మూలుగే వినబడుతోంది.