మల్లయ్య తాతకు తొడిగిన కోటు

పాత ఫోటోలంటే నాకు పిచ్చి. మా దేవరకొండ చుట్టుపక్కల ఎవరింట్లో పాత ఫోటో ఉందన్నా వెళ్లి ఫోన్‌లో కాపీ తీసుకుంటాను. రాజుల బొమ్మలు పుస్తకాల నిండా ఉన్నాయి, గొర్రెలు కాసినవాళ్ల బొమ్మలు ఎక్కడున్నాయన్నదే నా కోపం.

ఎల్లమ్మవ్వ దగ్గర ఆమె చనిపోయిన భర్త మల్లయ్య తాత ఫోటో కిందటి నెల చూశాను. ఆయనకున్నది అదొక్కటే. భుజాన గొంగడి, చేతిలో కర్ర, వెనక ఖిల్లా గోడ. ఆ రోజు నా ఫోన్‌లో చార్జింగ్ లేదు. ఈ రోజు పొద్దున మళ్లీ వెళితే గోడకు కొత్త ఫ్రేమ్ ఉంది. అందులో తాత నీలం కోటు, ఎర్ర టైతో పూలతోటలో నిలబడ్డాడు.

"అవ్వా, పాత ఫోటో ఏది?"

"స్టూడియో ఆయన మొఖం ఒక్కటే సాలన్నడు బిడ్డా. కత్తెరతోని మొఖం కోసి ఇచ్చినం. మిగిలింది పొయ్యిల ఏసిన."

నాకు ఒళ్లు మండింది. "గొంగడి మన చరిత్ర అవ్వా! గా కోటు ఎవలదో ఏమో!" అని అరిచాను.

అవ్వ కోప్పడలేదు. "బతికినన్ని దినాలు గొంగడే కప్పుకున్నడు. మా పెండ్లికి సుత కొత్త అంగి లేకుండె. ఇప్పుడన్న కోటు తొడుక్కోనియ్యి. జర సూడు, ఎట్లున్నడు?"

ఫ్రేమ్ దగ్గరికి వెళ్లి తాతను మళ్లీ చూశాను. "మస్తున్నడు అవ్వా" అన్నాను.

మీ ఇంట్లో పాత ఫోటో ఉంటే కత్తెర పెట్టకముందే నాకు కబురు చేయండి. అవ్వకు ఏం చెప్పాల్సిందో మాత్రం మీరే చెప్పండి.